క్లాత్ డైపర్లు ఉతికినా వాసన వస్తున్నాయా? బోరునీళ్ల ఇళ్లలో తేడా ఎక్కడ వస్తోంది

కొత్తగా కొన్న క్లాత్ డైపర్లు మొదటి నెల, రెండు నెలలు బాగానే ఉంటాయి. ఆ తర్వాతే ఫిర్యాదులు మొదలవుతాయి. ఉతికి ఆరేసినప్పుడు ఏ వాసనా ఉండదు. బిడ్డ ఒక్కసారి తడపగానే మాత్రం ముక్కు మూసుకునేంత ఘాటుగా అమోనియా వాసన కొడుతుంది. నీటిని పీల్చుకోవాల్సిన బట్ట మీద నీటి బొట్టు నిలబడి జారిపోతుంది. పక్కల నుంచి కారడం, తొడల మడతల్లో ఎర్రబారడం మొదలవుతాయి. 'ఈ గుడ్డలు మన బిడ్డకు పడలేదు' అని ఇంట్లో తీర్మానం అయిపోతుంది. వేలు పోసి కొన్నవి అటక ఎక్కుతాయి.

చాలా సందర్భాల్లో తప్పు బట్టది కాదు, బిడ్డ చర్మానిదీ కాదు. ఉతికే నీళ్లది, ఆ నీళ్లకు సరిపడా మార్చుకోని పద్ధతిది. క్లాత్ డైపర్ల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం వేడినీళ్ల కనెక్షన్ ఉన్న వాషింగ్ మెషీన్‌ను, శుద్ధి చేసిన మున్సిపల్ నీటిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన దగ్గర బోరునీళ్లు, ట్యాంకర్ నీళ్లు, బకెట్, సెమీ ఆటోమేటిక్ మెషీన్. పైగా ప్యాకెట్‌లో వచ్చే సూచనల కాగితం సాధారణంగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఉతికేది అమ్మమ్మో, నానమ్మో, పనికి వచ్చే మనిషో అయిన ఇంట్లో ఆ కాగితం ఎవరికీ ఉపయోగపడదు.

పాత లంగోటా, కొత్త డైపర్

డిస్పోజబుల్ డైపర్లు రాకముందు మన ఇళ్లలో పిల్లలకు కట్టినవన్నీ గుడ్డలే. నానమ్మ పాత నూలు చీర చింపి చేసిన గోచీ గుడ్డలు, మూడు మూలల లంగోటాలు, కింద పరిచే బొంతలు. బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో పాత చీరలను పొరలు పొరలుగా కుట్టి చేసే కాంథా కూడా ఇలా పసిబిడ్డల కిందా పైనా వాడిన వస్త్రమే. ఈ పాత గుడ్డలకు ఒక గొప్ప సుగుణం ఉంది. పలచగా ఉంటాయి, విప్పితే ఒకే పొర అవుతాయి. సబ్బు లోపల ఇరుక్కోదు, ఎండ తగిలితే చిటికెలో ఆరిపోతాయి.

ఇప్పుడు క్లాత్ డైపర్ పేరుతో అమ్మేవి వేరే నిర్మాణం. బయట నీరు కారకుండా ఆపే కవర్ ఉంటుంది. పాలియెస్టర్ బట్టకు పలచని పాలీయురేథేన్ పొర అతికించి దీన్ని చేస్తారు. దీన్నే పీయూఎల్ అంటారు. లోపల పీల్చుకునే ప్యాడ్ ఉంటుంది. అది నూలు కావచ్చు, వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్ కావచ్చు, జనపనార కావచ్చు, మైక్రోఫైబర్ కావచ్చు. ప్యాడ్‌ను సంచిలాంటి అరలో దూర్చేవి కొన్ని, అన్నీ కలిపి కుట్టేసినవి కొన్ని. కాళ్ల దగ్గర, నడుము దగ్గర ఎలాస్టిక్ ఉంటుంది.

ఉతికేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ప్యాడ్‌కు గట్టి ఉతుకు కావాలి. కవర్‌కు అది పనికిరాదు. నూలు ప్యాడ్‌ను మరిగే నీళ్లలో వేసినా తట్టుకుంటుంది. కవర్‌ను అలా మరిగిస్తే పొర ఊడి బుడగలు లేస్తుంది. బండకేసి బాదినా, బ్రష్‌తో తోమినా, నీళ్లు పోయేలా మెలిపెట్టి పిండినా కవర్ పని కొద్ది నెలల్లోనే అయిపోతుంది. మన ఇళ్లలో డైపర్లు తొందరగా పాడవడానికి ఇదొక పెద్ద కారణం. ఎవరూ నిర్లక్ష్యం చేయరు, అలవాటైన చేత్తో అలవాటైనట్టు ఉతుకుతారు, అంతే.

కొత్తగా కొన్న నూలు, వెదురు, జనపనార ప్యాడ్లను వాడకముందే నాలుగైదు సార్లు ఉతికి ఆరేయాలి. దారాల్లో ఉండే సహజమైన జిడ్డు పోతేగానీ అవి పూర్తిగా పీల్చుకోవు. మైక్రోఫైబర్ ప్యాడ్‌ను నేరుగా బిడ్డ చర్మానికి తగలనివ్వకూడదు. అది చర్మంలోని తేమను కూడా లాగేసి పొడిబారుస్తుంది. పైన ఒక పొర బట్ట ఉండాల్సిందే.

పప్పు ఉడకని నీళ్లు

మీ ఇంటి బోరునీళ్లతో కందిపప్పు ఓ పట్టాన ఉడకదా? కుళాయిల మూతుల దగ్గర, గీజర్ కాయిల్ మీద తెల్లటి పెంకు కడుతోందా? అయితే మీవి కఠిన జలాలు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనిచోట 600 దాకా అనుమతిస్తారు. తాగడానికి 600 వరకు సరే అన్నారు కదా అని బట్టలకు కూడా సరే అనుకోవడానికి లేదు.

సబ్బు ఈ నీళ్లలో కలిసినప్పుడు ముందుగా కాల్షియం, మెగ్నీషియంలతో చర్య జరిపి తెల్లటి తెట్టులా మారుతుంది. ఆ తెట్టు నీళ్లలో కరగదు. వెళ్లి దారాలకు అతుక్కుంటుంది. చొక్కాకు అతుక్కుంటే కాస్త బిరుసెక్కుతుంది, అంతవరకే. పీల్చుకోవడమే పనిగా ఉన్న డైపర్‌కు అతుక్కుంటే మూత్రం లోపలికి దిగకుండా అడ్డుపడుతుంది. లోపల చేరిన మూత్రపు అవశేషాలను బయటికి రానివ్వదు. వాటిలోని యూరియాను బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. తడిసిన వెంటనే వచ్చే ఆ ఘాటు వాసన కథ ఇదే. చర్మానికీ ఇది మంచిది కాదు. అమోనియా వల్ల చర్మం మీద క్షార స్వభావం పెరిగితే, మలంలోని ఎంజైములు మరింత చురుగ్గా పనిచేసి చర్మాన్ని ఒరిపిడి పుట్టినట్టు దెబ్బతీస్తాయి.

వాసన వస్తోందని ఇంకాస్త సబ్బు రుద్దితే తెట్టు ఇంకాస్త పెరుగుతుంది. 'పసిబిడ్డ కదా, మందులొద్దు' అని బట్టల సబ్బు బిళ్లతోనో, కుంకుడు రసంతోనో సరిపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. కుంకుడు రసం పట్టు చీరకు, ఉన్ని స్వెటర్‌కు బాగుంటుంది. మలమూత్రాలతో నిండిన మందపాటి ప్యాడ్‌కు దాని బలం చాలదు. కఠిన జలాల్లో సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ పొడే నయం. అది అంత తేలిగ్గా తెట్టు కట్టదు. ఎంజైములున్న పొడి అయితే మలంలోని ప్రోటీన్లను కూడా విరగ్గొడుతుంది. పసిబిడ్డ చర్మానికి హాని చేసేది డిటర్జెంట్ వాడటం కాదు, అది పోయేదాకా జాడించకపోవడం. ఘాటైన సెంటు లేనిది దొరికితే మరీ మంచిది.

నీళ్లు మరీ కఠినమైనవైతే కిరాణా కొట్లో దొరికే వాషింగ్ సోడా సాయపడుతుంది. దీన్నే బట్టల సోడా అంటారు. పదిహేను లీటర్ల బకెట్‌కు ఒక పెద్ద చెంచా సోడా వేసి బాగా కరిగించి, ఆ తర్వాత డిటర్జెంట్ కలపాలి. సోడా కాల్షియాన్ని పట్టుకుని పక్కకు తప్పిస్తే డిటర్జెంట్ తన పని తాను చేసుకుంటుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి, డబ్బా పిల్లలకు అందకూడదు. వంటసోడా వేరు, ఇది వేరు. చాకిరేవుల్లో చవుడు మట్టి కలిపి, బానలో బట్టలు ఉడికించిన రజకుల పద్ధతి వెనకున్నదీ ఇదే రసాయన శాస్త్రం: క్షారం, వేడి. పురిటి గుడ్డలు కూడా వారి మూటలోకే వెళ్లేవి. ఆ పనికి కులం కట్టిన మైల వారికి మిగిలింది, పనిలోని నైపుణ్యానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఇక్కడే ఇంకో మాట. ఆర్ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీటిని పట్టి బట్టలకు వాడే అలవాటు నగరాల్లో పెరిగింది. నేల తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి అది మంచి ఆలోచనే. డైపర్లకు మాత్రం వద్దు. ఫిల్టర్ వదిలేసిన లవణాలన్నీ పోగయ్యేది ఆ నీటిలోనే. కుళాయి నీటి కంటే అది ఇంకా కఠినం. కార్పొరేషన్ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో ఆ నీటిని అసలు ఉతుకుడుకు దాచుకుని, తొలి జాడింపుకు బోరునీళ్లు వాడటం మంచి సర్దుబాటు. వానాకాలంలో పట్టిన వాన నీళ్లకు సాటి లేదు.

విప్పిన దగ్గర నుంచి ఆరేసేదాకా

బిడ్డ తల్లిపాలు మాత్రమే తాగుతున్నంత కాలం మలం నీటిలో తేలిగ్గా కరుగుతుంది. ఆరో నెల తర్వాత ఉగ్గు, అన్నం మొదలుపెట్టాక ముందు దాన్ని టాయిలెట్‌లో దులిపేయాలి. మన బాత్రూముల్లో ఉండే హెల్త్ ఫాసెట్ ఇందుకు చక్కగా సరిపోతుంది. దీనికోసమే విదేశాల్లో ప్రత్యేకంగా స్ప్రేయర్లు కొంటారు. 'పాలు తాగే బిడ్డ మలమే కదా' అని జాడించిన నీటిని పెరట్లోనో, వీధి కాలువలోనో పారబోయడం మంచిది కాదు. పసివాళ్ల మలంలోనూ రోగకారక క్రిములు ఉంటాయి. పోలియో చుక్కలు, రోటా వైరస్ టీకా వేసిన తర్వాత కొంతకాలం పాటు బలహీనపరిచిన ఆ వైరస్‌లు మలంలో బయటికి వస్తాయి. కంగారు పడాల్సిన పని లేదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

మార్చిన డైపర్లను ఉతికేదాకా నీళ్ల బకెట్లో నానబెట్టే అలవాటు చాలామందికి ఉంది. అది మానేయాలి. నానిన కొద్దీ ఎలాస్టిక్, పీయూఎల్ పాడవుతాయి, నీళ్లు కుళ్లుతాయి, దోమలు చేరతాయి. అన్నిటికంటే ముఖ్యం, పాకే వయసు బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్లున్న బకెట్ ప్రాణాపాయం. మూత్రంతో తడిసిన వాటిని ఒకసారి కుళాయి కింద జాడించి, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టలో పొడిగా వేసి ఉంచాలి. ఎండాకాలంలో ఒక రోజుకు, మిగతా కాలాల్లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. అప్పుడే పుట్టిన బిడ్డకు రోజుకు పది, పన్నెండు సార్లు, తర్వాత ఆరు నుంచి ఎనిమిది సార్లు మార్చాల్సి వస్తుంది కాబట్టి రోజు విడిచి రోజు ఉతికే ఇంటికి ఇరవై, ఇరవై నాలుగు కావాలి.

ఉతికే రోజున అన్నిటికంటే ముందు అరలో దూర్చిన ప్యాడ్లను బయటికి లాగాలి. కలిపి ఉతికితే లోపలిది శుభ్రపడదు. మొదట చల్లటి నీళ్లలో ఒకసారి జాడించాలి. నేరుగా వేడినీళ్లలో వేస్తే మరకలు గట్టిపడతాయి. తర్వాత అసలు ఉతుకుడు. 40 డిగ్రీల సెల్సియస్ గోరువెచ్చని నీళ్లు, పూర్తి మోతాదు డిటర్జెంట్, ఎక్కువ సమయం. లేబుల్ మీద అనుమతి ఉంటే 60 డిగ్రీలు. పసిబిడ్డ బట్టలని సగం చెంచా పొడి వేయడం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అంతకంటే పెద్దల మురికి బట్టలకు వేసే మోతాదే సరైనది. ఆ తర్వాత నురుగు పోయేదాకా, మామూలుగా రెండుసార్లు జాడింపు.

మెషీన్ విషయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. ఫ్రంట్ లోడ్ మెషీన్ బట్టల బరువు చూసి నీళ్లు తీసుకుంటుంది. పొడి ప్యాడ్లు తేలిగ్గా ఉంటాయి, నీళ్లు మాత్రం విపరీతంగా పీల్చేస్తాయి. దాంతో ఉతకడానికి నీళ్లు మిగలవు. తొలి జాడింపుతో తడిసిన ప్యాడ్లనే వేస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. డ్రమ్ము మూడింట రెండు వంతులు నిండాలి. మరీ ఖాళీగా ఉంటే బట్టల మధ్య రాపిడి ఉండదు, కుక్కితే నీళ్లు ఆడవు. తొలి జాడింపు విడిగా అయిపోయాక అసలు ఉతుకుడులో చిన్న తువ్వాళ్లు, బనియన్లు కలిపినా తప్పులేదు. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు దీనికి ఒప్పుకోరు. వాళ్లతో వాదించడం కంటే బిడ్డ బట్టలే కలపడం సులువు. సెమీ ఆటోమేటిక్‌లో అయితే జాడింపు నీళ్లు, ఉతుకు నీళ్లు వేరువేరుగా మార్చాలి. చేత్తో ఉతికేవారు గోరువెచ్చని డిటర్జెంట్ నీళ్లలో అరగంట ఉంచి, ప్యాడ్లను బాగా పిసికి, కవర్లను మెత్తగా రుద్ది, రెండు అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీసేస్తే చాలు.

వేయకూడనివి కూడా ఉన్నాయి. ఫ్యాబ్రిక్ కండీషనర్ బట్టకు మెత్తదనం ఇచ్చేది దారాల మీద జిడ్డు పొర వేసే. పీల్చే గుణం పోతుంది. చివరి జాడింపులో మూతెడు యాంటీసెప్టిక్ ద్రవం వేయడం మనవాళ్లకు బాగా నమ్మకమైన పని. సరిగ్గా ఉతికి ఎండలో వేస్తే దాని అవసరం లేదు. బట్టలో మిగిలిపోయే ఆ ద్రవం చర్మాన్ని మండించవచ్చు. బ్లీచింగ్‌ను మూత్రంతో తడిసిన బట్ట మీద ఎప్పుడూ పోయకూడదు. బ్లీచింగ్, అమోనియా కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. వెనిగర్ వంటి ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వెలువడుతుంది. రెండూ ఊపిరితిత్తులకు ప్రమాదం.

నూనె సంగతి

మన బిడ్డలకు నూనె మర్దన లేకుండా స్నానం ఉండదు. కొబ్బరి నూనె, ఆముదం, నువ్వుల నూనె ఏదైనా సరే, తుడవకుండా డైపర్ తొడిగితే ఆ జిడ్డంతా ప్యాడ్‌లోకి దిగుతుంది. ర్యాష్‌కు రాసే జింక్ ఆక్సైడ్ క్రీములు, పెట్రోలియం జెల్లీ కూడా అంతే. వీటిని మానేయాల్సిన పని లేదు. పాత నూలు పంచె ముక్కో, మల్లు గుడ్డ ముక్కో మధ్యలో పరిస్తే అదే జిడ్డును ఆపుతుంది. ఆ ముక్కలను విడిగా ఉడకబెట్టి ఉతుక్కోవచ్చు.

ఇప్పటికే పాడైన వాటిని తిరిగి దారికి తేవచ్చా? నూలు ప్యాడ్లయితే చాలావరకు వీలవుతుంది. శుభ్రంగా ఉతికిన ప్యాడ్లను బాగా వేడినీళ్లలో వాషింగ్ సోడా, కొద్దిగా డిటర్జెంట్ కలిపి కొన్ని గంటలు ఉంచితే నీళ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. పేరుకున్న తెట్టు, జిడ్డు అలా బయటపడతాయి. తర్వాత వీలైనంత మెత్తటి నీళ్లతో జాడించాలి. కవర్లకు ఈ చికిత్స వద్దు. దీన్ని నెలనెలా చేయాల్సి వస్తోందంటే రోజువారీ ఉతుకుడులోనే లోపం ఉందని అర్థం.

ర్యాష్ మాత్రం ఎప్పుడూ ఉతుకుడు సమస్యే అనుకోవద్దు. మడతల్లో ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది క్యాండిడా అనే ఫంగస్ కావచ్చు. దానికి మందు కావాలి. ఆ సమయంలో నూలు ప్యాడ్లను పది నిమిషాలు మరిగించి వాడాలి, లేకపోతే బట్ట నుంచి మళ్లీ అంటుకోవచ్చు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము, నీటి పొక్కులు, జ్వరం కనిపించినా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఉతుకుడు ఎంత బాగున్నా రెండు మూడు గంటలకోసారి మార్చకపోతే ఎర్రబారడం ఆగదు.

ఎండ, ముసురు

తల్లిపాల మలం మరకలు పసుపు రంగులో ఎంతకీ పోనట్టు కనిపిస్తాయి. తడిగా ఉన్నప్పుడే ఎండలో వేస్తే ఒకటి రెండు పూటల్లో వాటంతట అవే వెలిసిపోతాయి. ప్యాడ్లు ఎండలో, కవర్లు నీడలో గాలికి. కవర్‌ను రోజూ మండుటెండలో వేస్తే పొర పెళుసెక్కుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఎలాస్టిక్ లాగకూడదు. కవర్‌కు ఇస్త్రీ అసలే వద్దు.

అసలు పరీక్ష ముసురు రోజుల్లో. విశాఖ, చెన్నై, కోల్‌కతా, ఢాకా వంటి ఉక్కపోత ఊళ్లలో మందపాటి వెదురు, జనపనార ప్యాడ్లు ఒక రోజంతా ఆరవు. సగం తడి ప్యాడ్ బూజు వాసన పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, మన వాతావరణానికి అన్నిటికంటే తెలివైన ఎంపిక పాత లంగోటా గుడ్డే. పెద్ద చదరపు మల్లు గుడ్డను మడతలు పెట్టి, పైన పీయూఎల్ కవర్ వేయాలి. విప్పితే ఒకే పొర కాబట్టి ఫ్యాన్ కింద కూడా ఆరుతుంది, మరిగించవచ్చు, ఇస్త్రీ చేయవచ్చు, తక్కువ నీళ్లతో ఉతకవచ్చు. ధర కూడా తక్కువ. దుకాణాలు ఎక్కువగా చూపించేవి మాత్రం అన్నీ కలిపి కుట్టినవి. ఆరడంలో అవే చివర.

నీళ్లు, కరెంటు, చేతులు

గుడ్డ డైపర్ పర్యావరణానికి మంచిదా అన్న ప్రశ్నకు జవాబు ఉతికే పద్ధతిలోనే ఉంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రెండున్నరేళ్లకు ఒక బిడ్డ డిస్పోజబుల్ డైపర్ల కర్బన భారం సుమారు 550 కిలోలు, గుడ్డవి సగటున 570 కిలోలు. అంటే దాదాపు సమానం. బయట ఆరేసి, మెషీన్ నిండుగా వేసి, రెండో బిడ్డకూ వాడితే గుడ్డ డైపర్ల భారం 40 శాతం దాకా తగ్గుతుంది. డ్రయర్‌లో ఆరబెట్టి, 90 డిగ్రీల్లో ఉతికితే బాగా పెరుగుతుంది. మన దేశంలో దండెం మీద ఆరేయడమే ఆనవాయితీ కాబట్టి ఆ లెక్కలో మనం ముందే లాభంలో ఉన్నాం. పారేసే డైపర్ల సంగతి వేరే. కవర్లో చుట్టి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పినా, పొడి చెత్తలో కలిసిపోయిన వాటిని చివరికి చేతులతో ఏరేది పారిశుద్ధ్య కార్మికులే.

అయితే నీళ్లే లేనిచోట ఈ మాటలకు విలువ లేదు. 2024 వేసవిలో బెంగళూరులో ట్యాంకర్ కోసం అపార్టుమెంట్లు ఎదురుచూసిన రోజుల్లో రోజు విడిచి రోజు డైపర్లు ఉతకమని ఎవరూ చెప్పలేరు. పగలు గుడ్డ, రాత్రికీ ప్రయాణానికీ డిస్పోజబుల్ అనే సర్దుబాటులో తప్పేమీ లేదు.

ఇంకో లెక్క ఉంది, అది కర్బనం లెక్కల్లోకి రాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానిపై వెచ్చిస్తున్నారు. గుడ్డ డైపర్ ఈ 289లోకే వచ్చి చేరుతుంది. సిజేరియన్ అయిన తల్లి బకెట్ ఎత్తి దించే పరిస్థితి ఉన్న ఇంట్లో, ఉతికే మనిషి ఎవరో తేలకముందే ఇరవై డైపర్లు కొనడం ఆమె మీద మోపిన బరువే. పనికి వచ్చే మనిషితో ఉతికించేట్టయితే అది మామూలు బట్టల జీతంలో కలిసిపోయే పని కాదు. ముందే విడిగా మాట్లాడుకోవాలి, గ్లవ్స్ ఇవ్వాలి. మలం దులపడం మాత్రం ఇంట్లోవాళ్లే చేయాలి. ఆ పని నాన్న చేయడానికి అడ్డంకి ఏముందో నాకైతే కనిపించలేదు.

రెండో బిడ్డ కోసం దాచేవారు చివరిసారి ఉతికినప్పుడు ఒక జాడింపు ఎక్కువ పెట్టి, ప్యాడ్లను పూర్తిగా ఎండబెట్టి, నూలు సంచిలో కట్టాలి. ప్లాస్టిక్ కవర్లో మూట కడితే బూజు పడుతుంది. ఇన్నాళ్లకు తీసినప్పుడు కవర్‌ను వెలుతురుకు పట్టి చూడండి. పొర విడిపోయి ముడతలు కనిపిస్తే అది ఇక నీరు ఆపదు. ఎలాస్టిక్ వదులైతే వీధి చివరి దర్జీ మార్చి ఇవ్వగలడు. ప్యాడ్లను మళ్లీ ఒకసారి ఉతికి, నీటి బొట్టు వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే ఇంకో రెండేళ్లు పనికొస్తాయి.